రెండు గంటలకోసారి

చెల్లెళ్లూ, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక మనం ఏం చెప్పుకుంటాం? "డాక్టరుగారిది హస్తవాసి అండీ" అంటాం. బిల్లు తలుచుకుని గుండెలు బాదుకుంటాం. క్యాంటీన్ సాంబారుని తిట్టుకుంటాం. నర్సు ఊసొస్తే మాత్రం "మంచి పిల్ల, నవ్వుతూ పలకరించేది" అనో, "అబ్బో, ఊరికే కసురుకుంటుంది" అనో తేల్చేస్తాం. పెళ్లిచూపుల్లోలాగా నవ్వుని బట్టే మార్కులు!

మా అత్తయ్యకి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినప్పుడు నైట్ డ్యూటీకొచ్చిన సిస్టర్ అసలు నవ్వే రకం కాదు. వస్తూనే కేస్ షీట్ చూసి, "మధ్యాహ్నం నుంచి పేషెంటుని పక్కకి తిప్పినట్టు ఎక్కడా రాయలేదేం?" అని ఆయమ్మని నిలదీసింది. తర్వాత ఇద్దరూ కలిసి అత్తయ్యని ఒక పక్కకి ఒత్తిగిలించారు. పక్కదుప్పటి ముడతలు లేకుండా లాగారు, మోకాళ్ల మధ్య దిండు పెట్టారు. మడమలు పరుపుకి ఆనకుండా పిక్కల కింద ఇంకో మెత్త సర్దారు. అత్తయ్య మందుల మగతలో ఉన్నా సరే, "మామ్మగారూ, ఎడం పక్కకి తిప్పుతున్నాను, నా చెయ్యి పట్టుకోండి" అని ముందే చెప్పింది సిస్టర్. మగతలో ఉన్న మనిషికి చెప్పేదేముంది, తిప్పేస్తే పోలా అనుకునేవాళ్లని చాలామందిని చూశాను. ఈవిడ అలా ఒక్కసారీ చెయ్యలేదు.

మా అత్తయ్యకి నొప్పి కంటే బెడ్‌పాన్ పెద్ద బాధ. పరాయి మనిషి చేత ఈ పని చేయించుకోవాల్సి వచ్చిందే అని కళ్లనీళ్లు పెట్టుకునేది. సిస్టర్ తెర పూర్తిగా లాగి, కాళ్ల మీద దుప్పటి కప్పి, ఓదార్పు మాటలేం లేకుండా "మామ్మగారూ, పులస పులుసులో మీరు బెండకాయలు వేస్తారా?" అనడిగింది. గోదావరి మనిషిని అడగాల్సిన ప్రశ్నేనా అది! మట్టిదాక, ఆవకాయ నూనె, మర్నాటికి గానీ రాని రుచి... అత్తయ్య అన్నీ చెప్పుకుంటూ పోయింది. ఆవిడ చెప్పడం పూర్తయ్యేలోగా ఈవిడ పని పూర్తయింది.

మంచాన పడ్డవాళ్ల ఒళ్లు ఒకేచోట ఆని ఉంటే ఆ బరువుకి అక్కడి చర్మానికి రక్తం సరిగా అందదు. ముందు ఎర్రగా కందుతుంది, తర్వాత చర్మం చిట్లుతుంది, పట్టించుకోకపోతే పుండు ఎముక దాకా పోతుంది. నడుం కింద, తుంటి పక్కల, మడమల దగ్గర ముందుగా మొదలవుతుంది. చెమటా తడీ తోడైతే ఇంకా తొందరగా వస్తుంది. షుగరుతో స్పర్శ తగ్గినవాళ్లకి అది వస్తున్న సంగతే తెలియదు. అందుకే రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం. పగలు సరే, రాత్రి రెండింటికి, మళ్లీ నాలుగింటికి కూడా. అప్పుడు చూసేవాళ్లెవరూ ఉండరు, నవ్వినా మెచ్చుకునేవాళ్లుండరు. నర్సు మనసు ఎలాంటిదో తెలియాలంటే నేను పేషెంటు వీపు చూస్తాను, నర్సు మొహం కాదు.

ముంబై కేఈఎం ఆసుపత్రి కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. అరుణా శాన్‌బాగ్ అక్కడ నర్సు, కర్ణాటక నుంచి వచ్చిన అమ్మాయి. 1973 నవంబరు 27న డ్యూటీ ముగించుకుని బట్టలు మార్చుకోబోతుంటే అదే ఆసుపత్రి స్వీపరు ఆమె మీద దాడి చేసి, కుక్కగొలుసు మెడకి బిగించాడు. మెదడుకి ఆక్సిజన్ అందక ఆమె మళ్లీ మామూలు మనిషి కాలేదు. 2015 మే 18న కన్నుమూసేదాకా నలభై ఒక్క ఏళ్లకు పైగా ఆ ఆసుపత్రిలోనే ఉంది. తినిపించిందీ, కడిగిందీ, పక్కకి తిప్పిందీ తోటి నర్సులే. పాతవాళ్లు రిటైరయ్యారు, కొత్తవాళ్లు వచ్చారు. దాడి జరిగేనాటికి ఇంకా పుట్టని పిల్లలు కూడా నర్సులై వచ్చి ఆ డ్యూటీ అందుకున్నారు. ఆమెని అక్కడి నుంచి తరలించాలని చూస్తే నర్సులు అడ్డం తిరిగారు. ఇన్నేళ్లలో ఆమె ఒంటి మీద ఒక్క బెడ్‌సోర్ కూడా రాలేదని సుప్రీంకోర్టుకి చెప్పారు.

అలా బతికించడం దయేనా అని అడిగేవాళ్లూ ఉన్నారు. రచయిత్రి పింకీ విరానీ అరుణ బాధ చూడలేకే ఆమెకి విముక్తి కావాలని కోర్టుకెక్కింది. 2011 మార్చిలో కోర్టు ఒప్పుకోలేదు. అరుణ తరఫున మాట్లాడే హక్కు ఇన్నాళ్లూ చూసుకున్న ఆసుపత్రి సిబ్బందిదే అంది. ఆ తీర్పే, కొన్ని షరతులతో, మన దేశంలో కృత్రిమంగా ప్రాణం నిలిపే చికిత్స ఆపడానికి దారి కూడా చూపింది. ఆ తగవు తీర్చేంత దాన్ని నేను కాదు. రోజూ ఒళ్లు తుడిచిన చేతులకి ఆ విషయంలో మాట ఉండాలని మాత్రం గట్టిగా అనిపిస్తుంది.

మే 12 వస్తే, అంటే ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజున, వాట్సాప్ నిండా దీపం బొమ్మలే. పంపండి, తప్పులేదు. డిశ్చార్జి రోజు మిఠాయి డబ్బా ఇచ్చినా తప్పులేదు గానీ, అది అప్పుడు డ్యూటీలో ఉన్నవాళ్లు తింటారు. మీవాళ్లని రాత్రంతా కనిపెట్టుకున్న ఆవిడ ఆ వేళకి ఇంట్లో నిద్రపోతూ ఉంటుంది. చేతిలో డబ్బులు పెట్టబోయి ఆవిడని ఇబ్బంది పెట్టకండి. దాని బదులు నర్సింగ్ సూపరింటెండెంట్ పేర ఒక కాగితం రాయండి. ఏ వార్డు, ఏ తేదీ, ఏ షిఫ్టు, ఏం చేసిందీ విడమరిచి రాయండి. "చాలా మంచి సిస్టర్" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. "మా అత్తగారికి ఒక్క పుండు కూడా పడలేదు, బెడ్‌పాన్ పెట్టినప్పుడల్లా తెర లాగారు" అని రాస్తే చదివేవాళ్లకి అదెంత పనో తెలుసు. ఫిర్యాదులు రాయడానికి మనకి పెన్ను వెంటనే దొరుకుతుంది కదా, దీనికీ వెతకండి. పేరు తెలియకపోతే బ్యాడ్జీ చూడండి. అది తిరగేసి ఉంటే మొహమాటపడకుండా అడగండి, చెబుతారు.