నగరాభివృద్ధి – ప్రాజెక్టు నిర్వహణ శాస్త్రం

ఒక లక్ష్యాన్ని నిర్ణీత కాలంలో, నిర్ణీత వ్యయంతో సాధించుటకై పనులను క్రమబద్ధం చేయడమే ప్రాజెక్టు నిర్వహణ. 1957లో డ్యూపాంట్ రసాయన సంస్థలో రూపొందిన క్రిటికల్ పాత్ పద్ధతి, 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణుల నిర్మాణానికై రూపొందించిన పెర్ట్ పద్ధతి దీనికి శాస్త్ర ప్రతిపత్తిని కల్పించాయి.

ఒక చిన్న ఉదాహరణను పరిశీలిద్దాం. ఒక వీధిలో మురుగు కాలువకు 40 రోజులు, మంచినీటి గొట్టాలకు 25 రోజులు పట్టుననుకొందాం. ఈ రెండు పనులూ ఒకేసారి ఆరంభించవచ్చు. రెండూ ముగిసిన పిమ్మటనే 20 రోజుల రోడ్డు పని మొదలు కావాలి. మొత్తం 60 రోజులు. గొట్టాల పని 15 రోజులు ఆలస్యమైనా నష్టం లేదు. కాలువ పని ఒక్క రోజు ఆగినా పథకమంతా ఒక రోజు వెనుకబడుతుంది. అట్టి కీలకమైన పనుల వరుసయే క్రిటికల్ పాత్. రోడ్డు ముందు వేసి, పిదప కాలువకై త్రవ్వినచో ధనమూ కాలమూ రెండూ వ్యర్థమే.

మన దేశంలో ఈ శాస్త్రానికి స్మార్ట్ నగరాల పథకం గొప్ప పరీక్షగా నిలిచింది. ఇది 2015 జూన్ 25న ఆరంభమైంది. 100 నగరాల ఎంపికయే 2016 జనవరి నుండి 2018 జూన్ వరకు సాగింది. తెలుగు ప్రాంతాల నుండి విశాఖపట్నం, కాకినాడ, తిరుపతి, అమరావతి, వరంగల్, కరీంనగర్ ఎంపికైనాయి. ప్రతి నగరంలోనూ పనుల నిర్వహణకై ప్రత్యేక కంపెనీ ఏర్పడింది. అయినను గడువును పలుమార్లు పొడిగింపవలసి వచ్చి, తుదకు 2025 మార్చి 31తో పథకం ముగిసింది.

పద్ధతుల పేర్లు క్రొత్తవే గాని, ముందేది, వెనుకేది అను వివేకం పాతదే. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచివేసిన తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ముందుగా నదీ పరీవాహక ప్రాంతాన్ని పరిశీలించి, ఎగువన జలాశయాలు నిర్మించాలని సూచించారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తియైనవి. వరదను అరికట్టుటయే గాక, నగరానికి త్రాగునీటిని కూడా అవి సమకూర్చినవి.

అయినను 2020 అక్టోబరు వర్షాలకు హైదరాబాదులోని అనేక బస్తీలు నీట మునిగినవి. చెరువులు, నాలాలు ఆక్రమణకు గురియగుట అందుకొక కారణం. కట్టడం పూర్తియగుటతో పథకం ముగియదనియు, సంరక్షణ కూడా అందులో ఒక అంగమనియు ఈ అనుభవం బోధిస్తున్నది. కెమెరాలు, కంప్యూటర్లు అమర్చిన మాత్రాన నగరం స్మార్ట్ కాజాలదు. పేదవాని వాకిట మురుగు నిలువకుండుటయే దానికి నిజమైన గీటురాయి.

విద్యార్థి మిత్రులు తమ వీధినే పరిశోధనాంశంగా గ్రహింపవచ్చును. ఏ పని ముందు జరిగినది? రోడ్డును ఎన్నిసార్లు త్రవ్వినారు? నిర్వహణ బాధ్యత ఎవరిది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానాలు సేకరించి క్రమంగా వ్రాసినచో, అదియే ఒక విలువైన పరిశోధనా వ్యాసం కాగలదు.