సందేహాలు - సమాధానాలు: తెల్లారేసరికి తేలిన చేపలు

ప్రశ్న: మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు తెల్లారేసరికి మా చెరువులో చేపలు చచ్చి తేలాయి. నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా ఉన్నాయి. పక్క ఊరివాళ్లే మందు కలిపారని ఇక్కడ గొడవ నడుస్తోంది. నిజమేనా?
- ఒక మత్స్యకారుడు, సంగారెడ్డి జిల్లా

సమాధానం: ముందు ఆ గొడవ ఆపించండి. ముసురు, తెల్లవారుజాము, ఆకుపచ్చ నీళ్లు... మీరు రాసిన మూడు ఆనవాళ్లూ చేపలకు ఊపిరాడలేదనే చెబుతున్నాయి. ఆ పచ్చదనం నాచుది. పగటి ఎండలో అది నీటికి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి చేపల్లాగే తానూ వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. మబ్బు రోజుల్లో రాబడి తగ్గినా ఖర్చు ఆగదు. చేపలు పెరిగే నీటిలో లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. ఎక్కువసేపు 2 కంటే దిగి ఉంటే బొచ్చె, రవ్వ తట్టుకోలేవు.

ఏవి చచ్చాయో చూడండి. ఊపిరాడకపోతే పెద్ద చేపలే ముందు పోతాయి. కొర్రమీను మాత్రం పైకొచ్చి గాలి పీల్చుకుని బతుకుతుంది. పురుగుమందు పడితే చాలాసార్లు చిన్న పరకలు, కప్పలు, నీటి పురుగులూ పోతాయి. ముందు రోజు వేకువన చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయేమో ఊళ్లో అడగండి. అప్పటికీ అనుమానం తీరకపోతే అప్పుడే చచ్చిన చేపను ఐస్‌లో పెట్టి, వేకువన తీసిన నీటితో సహా మత్స్యశాఖకు ఇవ్వండి. మధ్యాహ్నం తీసిన నీటిలో ఆక్సిజన్ మళ్లీ నిండుగా కనబడవచ్చు. చచ్చిన చేపల్ని తినొద్దు, అమ్మొద్దు.

నాచు అంతలా పెరగాలంటే నత్రజని, భాస్వరం కావాలి. అవి మోరీ నీళ్లతో, పొలాల్లో వేసిన యూరియా, డీఏపీలతో వస్తాయి. పక్క ఊరిని తిట్టే ముందు మీ చెరువులోకి దిగే మోరీలెన్నో లెక్కపెట్టండి.

ప్రశ్న: గుర్రపు డెక్క నీటిని శుభ్రం చేస్తుందంటారు. ఉంచాలా, తీసేయాలా?
- ఒక గృహిణి, హైదరాబాద్

సమాధానం: మురికిని పీల్చుకునే మాట నిజమే. కానీ మొక్కను బయటికి లాగితేనే ఆ మురికి పోతుంది. అక్కడే కుళ్లితే పీల్చిందంతా తిరిగి నీళ్లలోకే. చెరువంతా కమ్మేస్తే వెలుతురూ గాలీ అందవు, దోమలకు మాత్రం చల్లటి నీడ. కలుపుమందు కొట్టించకండి, డెక్క ఒక్కసారిగా కుళ్లి, నీటిలో ఉన్న ఆక్సిజన్‌నూ లాగేస్తుంది. చేత్తోనో యంత్రంతోనో తీయించి, గట్టుకు దూరంగా కుప్ప వేయించండి. గట్టు మీదే వదిలేస్తే తొలి వానకే మళ్లీ చెరువులో ఉంటుంది.