గోడ అవతలి విద్య

వేటపాలెం

చిరంజీవి హరితకు తాతయ్య ఆశీస్సులు.

బయోటెక్ కంపెనీలో చేరాక యూనివర్సిటీలతో పనేముంటుందని అడిగావు. చాలా ఉంటుందమ్మా. ఆ కంపెనీలకు కావలసిన విద్యలో పెద్ద భాగం బయటే పుడుతుంది.

రోటావాక్ టీకానే చూడు. 1980ల నడిమిలో ఢిల్లీ ఎయిమ్స్‌లో కొందరు పసికందులకు రోటావైరస్ సోకినా విరేచనాలు పట్టుకోలేదు. డాక్టర్ ఎం.కె. భాన్ బృందం ఆ వైరస్‌ను వేరుచేసింది. దాని పేరు 116ఇ. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, అమెరికాలోని సి.డి.సి., స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు, పాత్ సంస్థ తలో చెయ్యి వేశారు. ఆ వైరస్‌ను లక్షల మోతాదులుగా ఒకే తీరున తయారుచేసే పని హైదరాబాదు భారత్ బయోటెక్ తలకెత్తుకుంది. 6,799 మంది పిల్లల మీద పరీక్షలు ఢిల్లీ, పుణె, వేలూరులలో జరిగాయి. 2015లో టీకా విడుదలైంది, మరుసటి ఏడే మన రాష్ట్రంలో ప్రభుత్వ టీకాల్లో చేరింది. ముప్పై ఏళ్ల పని! ఏ కంపెనీ ఒంటరిగా అంతకాలం ఖర్చు భరిస్తుంది?

అంతకుముందు శాంతా బయోటెక్నిక్స్‌ది ఇదే దారి. వరప్రసాద్ రెడ్డి గారు 1993లో ఆ సంస్థ పెట్టి, ఉస్మానియాలోనూ సి.సి.ఎం.బి. పరిశోధన సంస్థలోనూ పరిశోధన సాగించి, 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చారు. పని ఎక్కడైనా ఆగితే, తెలిసిన మనిషి పక్క గదిలోనే దొరికే చోట్లవి.

మన పత్తి చేలకు వచ్చింది వేరే రకం ఒప్పందం. 2002లో పురుగును తట్టుకునే బి.టి. పత్తికి అనుమతి వచ్చాక, విత్తన కంపెనీలు అమెరికా కంపెనీ మాన్‌శాంటో జన్యువును లైసెన్సు మీద తెచ్చుకుని తమ హైబ్రిడ్లలోకి ఎక్కించాయి. ప్రతి ప్యాకెట్ మీదా రుసుము. అది రైతు నెత్తిన పడుతోందని 2006లో రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాలను విచారించే ఎం.ఆర్.టి.పి. కమిషన్ దాకా వెళ్లింది. లైసెన్సును నేను తప్పుపట్టను. కానీ అలా వచ్చేది తయారైన జన్యువు. కలిసి పనిచేస్తే చేసే తీరు కూడా వస్తుంది, నా దృష్టిలో అదే ఎక్కువ విలువైనది.

అదీ ఊరికే రాదు. బయటివాళ్లు చెప్పింది అర్థమై, మళ్లీ తన బల్ల మీద చేసి చూపగలవాళ్లు కంపెనీలో ఉండాలి. అందుకే ల్యాబ్ క్లాసు ఎగ్గొట్టొద్దంటున్నాను.

2014లో లాన్సెట్‌లో అచ్చయిన రోటావాక్ వ్యాసం సంపాదించు. ముందు రచయితల పేర్ల కింద చిరునామాలు చదివి, ఎవరు ఏ పని చేశారో పట్టిక రాసుకో. సెలవులకు వచ్చినప్పుడు మన ఊరి సారస్వత నికేతనం గ్రంథాలయంలో కూర్చుని ఇద్దరం సరిచూద్దాం.

మీ తాతయ్య