అమెరికాలో రెండేళ్ల నర్సు చదువు

"సిస్టర్, మా కోడలు అమెరికాలో ఇంట్లోనే ఉంటోంది, నర్సింగ్ చదవవచ్చా?" అని మీలో కొందరు అడుగుతుంటారు. చదవవచ్చు.

అక్కడి కమ్యూనిటీ కాలేజీలలో నర్సింగ్ అసోసియేట్ డిగ్రీ ఉంది. నర్సుల కొరత తీర్చడానికి మిల్‌డ్రెడ్ మాంటాగ్ అనే అధ్యాపకురాలు ప్రతిపాదించగా 1952లో ప్రయోగంగా మొదలైంది. పేరుకు రెండేళ్లే. శరీర నిర్మాణం, సూక్ష్మజీవశాస్త్రం వంటివి ముందే పూర్తిచేయాలి గనుక మూడేళ్లు పట్టడం మామూలే. పాఠాలతోపాటు ఆసుపత్రి డ్యూటీ తప్పదు. పసిబిడ్డ ఉంటే తెల్లవారుజామున ఎవరు చూస్తారు? ఈ సంగతి మాత్రం ఎవరూ అడగరు.

చివర ఎన్‌క్లెక్స్ పరీక్ష. నాలుగేళ్ల డిగ్రీ వారికీ అదే పరీక్ష, అదే ఆర్.ఎన్. లైసెన్సు. అయితే చాలా పెద్ద ఆసుపత్రులు నాలుగేళ్ల డిగ్రీనే కోరతాయి. న్యూయార్క్ రాష్ట్రంలో 2017 నాటి చట్టం ప్రకారం, కొత్తగా లైసెన్సు పొందినవారు పదేళ్లలోగా ఆ డిగ్రీ కూడా పూర్తిచేయాలి.

ముఖ్యంగా గమనించండి: భర్త ఉద్యోగంపై వచ్చే హెచ్-4 వీసాతో చదువుకోవచ్చు గాని, ఉద్యోగానికి వేరే అనుమతి కావాలి. చేతిలో లైసెన్సు ఉన్నా అది లేనిదే జీతం రాదు. ఫీజు కట్టకముందే ఇది తేల్చుకోండి. కాలేజీకి ఆ రాష్ట్ర నర్సింగ్ బోర్డు ఆమోదం ఉందో లేదో కూడా చూసుకోండి.

ఇక్కడ జి.ఎన్.ఎం. చదివిన అమ్మాయి అయితే, మొదటినుండి చదివించే ముందు ఆ బోర్డును అడగండి. సర్టిఫికెట్లు పరిశీలింపజేసి, నేరుగా ఎన్‌క్లెక్స్ రాసే అవకాశం ఉండవచ్చు.