జూబాకు వెళ్తున్న మా అమ్మాయికి

మార్కాపురం

చిరంజీవి బుజ్జికి,

గిండీలో ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నావని, ఆ పసుపు కార్డు పాస్‌పోర్టుతో పాటే పెట్టుకున్నావని మీ నాన్న చెప్పాడు. ఫోన్లో మాట్లాడితే పోయేదానికి ఉత్తరం ఎందుకంటావేమో. బతుకంతా లారీ ఆఫీసులో బిల్లులు రాసిన చెయ్యి కదా తల్లీ, పెన్ను పట్టుకుంటే తప్ప నాకు మాట కదలదు.

ఐక్యరాజ్యసమితి వాలంటీరుగా దక్షిణ సూడాన్ వెళ్తున్నానని నువ్వు చెప్పిన రోజు మీ అమ్మ అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. నువ్వేమో నిదానంగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పుకుంటూ వచ్చావు: ఈ వాలంటీర్ల వ్యవస్థ 1970 నుంచీ ఉందని, పెద్దాఫీసు జర్మనీలోని బాన్‌లో ఉందని, జీతమని కాకుండా నెలనెలా బతకడానికి భృతి ఇస్తారని, తుపాకీ పట్టే పని కాదని, మనుషులూ సామానూ ఎక్కణ్ణుంచి ఎక్కడికి ఎట్లా పోవాలో చూసే మూవ్‌మెంట్ కంట్రోల్ విభాగమని. అది వింటున్నంతసేపూ నాకు లోపల నవ్వొచ్చింది. ఏ బండిలో ఏ సరుకు, ఎంత బరువు, ఎవరికి, ఎప్పటికి అని చూడటమంటే మన బుకింగ్ ఆఫీసు పనే కదే! కాకపోతే అక్కడ లారీలతో పాటు హెలికాప్టర్లు, నైలు నది మీద పడవలు కూడా ఉంటాయి.

బడి వదిలిపెట్టగానే సంచి భుజానేసుకుని మన ఆఫీసుకొచ్చి నా బల్ల కింద కూర్చునేదానివి, గుర్తుందా? బయట పలకల లోడు ఎత్తుతుంటే, పలకను అంచు మీద నిలబెట్టి సర్దితేనే నిలుస్తుందని, పడుకోబెట్టి పేర్చితే అడుగు వరస పగిలిపోతుందని, సందుల్లో వరిగడ్డి గట్టిగా కూరాలని హమాలీలు నీకు చెప్తుండేవాళ్లు. మన ఊరి పలక దేశదేశాలకు పోయిందని అందరం గొప్పగా చెప్పుకుంటాం గానీ, అది పగలకుండా పోయింది ఆ గడ్డి కూరిన చేతుల వల్లే. నువ్వు మాత్రం ఆ చేతులకు బెల్లం ముక్కో చెంబెడు నీళ్లో ఇవ్వకుండా ఒక్క బండినీ కదలనిచ్చేదానివి కాదు. ఎవరూ నేర్పలేదు నీకది, మీ అవ్వ గుణం అట్లా వచ్చింది.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఈ మధ్య రాత్రుళ్లు అదే గుర్తొస్తోంది. నువ్వు ఇంటర్ చదివేటప్పుడు ఎండాకాలం బోర్లన్నీ ఎండి, ఉన్న బోర్లో ఫ్లోరైడు నీళ్లు తాగలేక, ట్యాంకరు కోసం మన వీధంతా బిందెలు వరసపెట్టి కూర్చునేది. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు వస్తాయి, వస్తాయి అని మా తరం ఎదురుచూసింది, మీ తరమూ ఎదురుచూసింది. ఆ పూట ట్యాంకరు వరస రాసే పుస్తకం నీ చేతిలో పెట్టాను, పోట్లాటలు పడలేక. నువ్వు రెండు రోజులు చూసి, మూడో రోజు వరస తిప్పేశావు: మెరక మీద, వీధి చివర ఉండేవాళ్లకు ట్యాంకరు చేరేసరికి అడుగు నీళ్లే మిగులుతున్నాయి కాబట్టి ముందు పైకి పోయి, అక్కణ్ణుంచి కిందికి రావాలన్నావు. అట్లా చేస్తే మన ఇల్లు ఆఖర్న పడింది. మీ చిన్నాన్న కేకలేశాడు, పక్కింటావిడ నెలపాటు మాట మానేసింది, నువ్వు మాత్రం పుస్తకంలో గీత మార్చలేదు. ఆ చివరింటి ముసలమ్మ ఇప్పటికీ కనపడితే నిన్నే అడుగుతుంది.

నువ్వు పోతున్న చోటు గురించి నేనూ కాస్త చదివానులే, నవ్వకు. ఆ దేశం 2011 జులై 9న పుట్టింది, అక్కడి ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షణ మిషన్ కూడా అప్పటిదే. దానికి సముద్రం లేదు. సరుకు కెన్యాలోని మొంబాసా రేవులో దిగి, ఉగాండా మీదుగా నిమూలే సరిహద్దు దాటి రాజధాని జూబా చేరేసరికి 1600 కిలోమీటర్లు దాటుతుంది. నిమూలే నుంచి జూబా దాకా 192 కిలోమీటర్లు తారు రోడ్డు, అది దాటి లోపలికి పోతే చాలాచోట్ల మట్టిబాటే. అక్కడి నేల చాలాభాగం నల్లరేగడి. రేగడి తడిస్తే చక్రం ఏమవుతుందో కంభం, గిద్దలూరు మీదుగా పలకలు తోలించిన నాకు వేరే చెప్పాలా? మే నెల నుంచి వానలు పట్టుకుంటే ఎన్నో ఊళ్లకు నెలల తరబడి దారే ఉండదట. అందుకే ఎండలున్నప్పుడే డీజిలు, తిండి, మందులు, గుడారాలు ముందుగా చేర్చి పెట్టుకోవాలి. తర్వాత మిగిలేది హెలికాప్టరే. ఆ ఎం.ఐ-8 మోసేది మహా అయితే 4 టన్నులు, మన పాత లారీ మోసే దాంట్లో సగం కూడా లేదు.

అందుకే చెప్తున్నా, అక్కడ నీ చేతికొచ్చేది మళ్లీ ఆ వరస పుస్తకమే. మందుల పెట్టె, జనరేటరు విడిభాగం, ఎవరో పెద్దాఫీసరు గారి ఏసీ, ఇంటికి పోవాల్సిన జవాను, అన్నీ ఒకే హెలికాప్టరు ముందు నిలబడతాయి. ఫోన్లు వస్తాయి, బతిమాలతారు, గదమాయిస్తారు. బరువు రెండు కిలోలు తక్కువ రాయమని నవ్వుతూ అడిగేవాడూ ఉంటాడు. వీధి చివరి ముసలమ్మను చూసినట్టే చూడు, అంతకంటే నేను చెప్పేది లేదు.

భయం లేదని చెప్తే నువ్వు నమ్మవు కాబట్టి చెప్పను. కంబోడియాలో ఎన్నికలు జరిపించడానికి వాలంటీరుగా వెళ్లిన జపాను కుర్రాడు అత్సుహితో నకాతాను 1993 ఏప్రిల్ 8న కాల్చి చంపారు. అతనికి 25 ఏళ్లు. ఆ తండ్రి తకెహితో తన ఉద్యోగం మానేసి, కొడుకు నమ్మిన పని గురించే ఊరూరా చెప్తూ, ఐక్యరాజ్యసమితి వాలంటీర్లకు గౌరవ రాయబారిగా తిరిగాడు. ఆ కుర్రాడి గురించి చదివినప్పుడు నువ్వు గుర్తొచ్చావు, ఆ తండ్రి గురించి చదివేసరికి నాకు కళ్లు తిరిగినంత పనయింది. నువ్వు పోతున్న దేశంలోనే 2013 ఏప్రిల్‌లో కాన్వాయ్‌కి కాపలాగా పోతున్న మన జవాన్లు ఐదుగురు జొంగ్లీ రాష్ట్రంలో ప్రాణాలిచ్చారు. బండి ఎక్కే ముందు భద్రతా విభాగం కదలొద్దంటే కదలకు. ఇందులో మొండితనం పనికిరాదు.

గిద్దలూరు వైపు మా సావాసగాడొకడు 1993లో మన సైన్యం బ్రిగేడుతో సోమాలియా పోయొచ్చాడు. నీ సంగతి చెప్తే వాడి ముఖం వెలిగిపోయింది. బైదోవా వైపు కాన్వాయ్‌లకు కాపలా పోయిన రోజుల గురించి అడిగితే వాడు తుపాకుల మాటే ఎత్తడు, మనవాళ్లు తవ్విన బావుల దగ్గర నీళ్లు పడ్డప్పుడు పిల్లలు వేసిన కేకల గురించే చెప్తాడు. "అమ్మాయికి చెప్పన్నా, అక్కడి డ్రైవర్ల పేర్లు మొదటి వారంలోనే నేర్చుకోమను, దారి వాళ్లకే తెలుసు" అన్నాడు. వాడి మాట నాదిగా తీసుకో. నిమూలే దగ్గర కాగితాల కోసం రోజులకు రోజులు పడిగాపులు పడే కెన్యా, ఉగాండా డ్రైవర్లను చూస్తే నందికనుమ ఘాట్‌లో బండి ఆగి, రాత్రంతా అడవిలో ఉన్న మన డ్రైవర్లు నీకు గుర్తురావాలి. వాళ్ల కాగితం నీ బల్ల మీద ఒక్క పూట కూడా ఊరికే పడుండకూడదు.

తిండికి బెంగ లేదనుకుంటా, అక్కడా జొన్నే ముఖ్యమట, సంగటి లాంటిదే చేసుకుంటారట. అయినా మీ పెద్దమ్మ వేరుశనక్కాయల పొడి డబ్బాకెత్తింది. అవ్వ చెన్నకేశవస్వామి గుళ్లో అర్చన చేయించి కుంకుమ పొట్లం కట్టింది. మోసుకుపోయే బరువు లెక్క నీకు తెలుసు కాబట్టి డబ్బా వదిలేసినా సరే, పొట్లం మాత్రం పెట్టుకో, ముసలిది అడుగుతుంది.

ఆదివారం ఆదివారం మీ అమ్మకు ఫోన్ చెయ్యి. జ్వరమొస్తే జ్వరమనే చెప్పు, దాచొద్దు. అక్కడ దోమతెర లేకుండా పడుకోవద్దు. నీ కింద పనిచేసే హమాలీలకు నీళ్లు ఇచ్చాకే నువ్వు తాగు. అక్కడి పని అయ్యాక నేరుగా ఇంటికి రా.

ఇట్లు,
నీ పెదనాన్న