పేరిత మొక్క: దాని ఉనికి, దాని రక్షణ

శేషాచలము, పాలకొండ శ్రేణుల దిగువను పట్టాభూములుగల రైతులలో పేరితను చూడనివారరుదు. అయినను చిట్టీతను పోలియుండుటచే పలువురు దీనిని ఈతజాతిగా నెంచుచున్నారు. అది సరికాదు. పేరితకు పూవు లేదు. లేత ఆకురెబ్బలు కొసనుండి లోనికి చుట్టుకొనియుండుట దీని గురుతు. మదరాసు రాజధాని అటవీశాఖలో పనిచేసిన కల్నల్ బెడ్డోము దొర పేరున, వృక్షశాస్త్రజ్ఞులు 1883లో దీనికి సైకాస్ బెడ్డోమి యని నామకరణము గావించిరి.

కడప, తిరుపతి ప్రాంతపు కొండలే దీని పుట్టినిల్లు. భూమండలమున మఱియెచ్చటను ఇది స్వయముగా మొలవదు. ఎండ ధారాళముగా తగులు రాతివాలులయందు, గడ్డి నడుమ, అక్కడక్కడ చెట్లుగల చోటులయందు పెరుగును. పెరుగుదల మిక్కిలి మందము. వేరులయందు పగడపు కొమ్మలవంటి బుడిపెలుండును. వానిలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి మొక్క కందించును. బీదనేలయందును ఇది బ్రతుకుటకు ఇదియొక కారణము.

ఇందు మగమొక్క వేఱు, ఆడుమొక్క వేఱు. మగమొక్క నడినెత్తిన పెద్ద కంకి వెడలును. ఆ కంకియే దీనికి చేటు తెచ్చినది. బలవర్ధక ఔషధమని దానిని కోసి అమ్ముచుందురు. కంకి కోసినంతమాత్రమున మొక్క చావదు గాని, పుప్పొడి పోవుటచే సమీపమందలి ఆడుమొక్కల గింజలు గట్టిపడవు. కొండపై ముదురుమొక్కలు పచ్చగా కనబడుచుండగనే సంతతి తఱుగుట ఇట్లు జరుగును. పైనుండి చూచువానికిది తెలియదు.

రెండవ చేటు నిప్పు. ముదురుమొక్క మ్రాను ఆకుమొదళ్ల కవచముచే మంటకు తాళి మరల చిగుర్చును. మొలకలు మాత్రము మాడిపోవును. వేసవిలో గట్లపై గడ్డి తగులబెట్టు రైతులు కొండవైపున ముందుగా గడ్డిని వెడల్పుగా చెక్కివేయవలయును. గాలివీచు వేళ నిప్పు పెట్టరాదు. మేపుకొఱకు కొండగడ్డిని కాల్చు అలవాటు మానుట మేలు.

అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము తన ఎఱ్ఱజాబితాలో దీనిని అంతరించు ప్రమాదముగల జాతులలో చేర్చినది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1991లో జరిగిన సవరణచే, అటవీభూమినుండి దీనిని పెఱుకుటయు కంకి కోయుటయు నేరము. తన తోటలో పెంచదలచినవాడును ముందుగా లైసెన్సు పొందవలయును. అందముకొఱకు ఇంటిముంగిట నాటుకొనువారు ఈ సంగతి నెఱుగరు. తమ పట్టాలో సహజముగా మొలచిన మొక్కను రైతులు దున్నివేయక, అటవీ ఉద్యోగికి తెలుపుట యుక్తము.

సైకాస్ జాతి ఆకులయందును గింజలయందును విషము గలదు. మేసిన పశువులకు వెనుకకాళ్లు పట్టుతప్పును. ఒకమారు పట్టుతప్పిన కాళ్లు కుదుటపడుట కష్టము. గడ్డి కొఱవడిన ఎండకాలమున పశువులను ఈ మొక్కలున్న వాలులకు తోలకుండుట క్షేమము.