నమూనా విలువ

సూరతులో మగ్గాన్ని నమ్ముకొన్న తెలుగు పద్మశాలీలకు ఒక సత్యం తెలుసు: చీర చిరిగినా, నమూనా మిగిలితే మళ్ళీ నేయవచ్చు. జంతుశిల్పానికి ప్లాస్టరు ప్రతిమ అటువంటిదే.

శిల్పి మొదట బంకమట్టితో మృగాన్ని మలుస్తాడు. మట్టి ఎండితే పగులుతుంది. కనుక అచ్చు తీసి ప్లాస్టరు పోస్తాడు. కాల్చిన జిప్సం పొడి నీటితో కలిసి, వేడెక్కి, గట్టిపడుతుంది. శిల్పి వేలిగుర్తులు కూడ అందులో నిలుస్తాయి. ఫ్రెంచి శిల్పి బారీ, పామును అణచివేసే సింహాన్ని 1833లో పారిస్ ప్రదర్శనలో ప్లాస్టరుతోనే చూపాడు. కంచురూపం తరువాత వచ్చింది.

మన సంప్రదాయపు కంచుపోతలో మైనపు నమూనా కరగిపోతుంది. ప్లాస్టరు నిలుస్తుంది, కాని తేమకు చెడుతుంది, దెబ్బకు విరుగుతుంది. పని తీరినదని దానిని పారవేయక భద్రపరచిన మ్యూజియం, శిల్పి హస్తాన్నే భద్రపరచినట్లు.